యాకయ్య జీపు దగ్గర ఆగిపోయిన థ్రెడ్లు

వజీరా గురించి ఎవరికి చెప్పినా నేను ఆమె పెళ్లిచూపుల నుంచే మొదలుపెడతాను. హన్మకొండలో నా జిరాక్స్ షాపు పై వాటాలో వాళ్లు అద్దెకుంటారు కాబట్టి, ఆ ముచ్చటను భార్య నోటా విన్నాను, భర్త నోటా విన్నాను. ఇద్దరూ చెప్పిన దాంట్లో ఎక్కడా తేడా లేదు. వాళ్లిద్దరూ ఒక్క మాట మీద ఉన్న విషయం బహుశా అదొక్కటే.

ఖిలా వరంగల్‌లో కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన కూతురు వజీరా. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా చేసి, ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో పనికి కుదిరింది. ఆమెను చూడటానికి వచ్చిన జహీరుద్దీన్ ఇంకో కాలేజీలో సర్వర్లు చూసుకునేవాడు. పెద్దలంతా కూర్చున్న గదిలోనే, మీరిద్దరూ ఏమన్నా మాట్లాడుకోండి అన్నారు. అంతమంది మధ్య ఏం మాట్లాడతారు? చాలాసేపు ఇద్దరూ జంపఖానా మీద గీతలు చూస్తూ కూర్చున్నారు. చివరికి వజీరాయే నోరు విప్పింది.

"మీరేం వాడతరు?"

"ఫ్రీబీఎస్‌డీ. చాన ఏండ్ల సంది. మీరు?"

"నేను లినక్స్. రోజు అదే."

వాడటం అంటే ఆ గదిలో పెద్దవాళ్లకు తెలిసింది మందులు వాడటమే. జహీరుద్దీన్ మేనత్త వెంటనే వజీరా తల్లిని పక్కకు పిలిచి, "పిల్లకు బీమారున్నదని ముందుగాల చెప్పొద్దా?" అని నిలదీసింది. ఆ తల్లి ఏమన్నా తక్కువ తిన్నదా? "మీ పిలగానికి ఏండ్ల సంది బీపీ ఉన్నదట గద, మీరు చెప్పిన్రా?" అంది. అవి రోగాలూ కావు మందులూ కావు, కంప్యూటర్‌ను నడిపించే వ్యవస్థలు, రెండూ యూనిక్స్ అనే పాత వ్యవస్థ బాటలో వచ్చినవే, ఒక రకంగా దాయాదులు అని అందరికీ ఎక్కించేసరికి చాయ్ చల్లారిపోయింది. సంబంధం మాత్రం కుదిరింది.

పెళ్లయ్యాక ఇద్దరి పంచాయితీ మెట్ల మీదుగా నా షాపులోకి వినిపించేది. నాకు ఈ కంప్యూటర్ల వాళ్లంటే మొదట్నుంచీ చిరాకు. తెలుగులోనే మాట్లాడతారు, ఒక్క ముక్కా అర్థం కాదు. ఒకరోజు వజీరా గొంతు గట్టిగా వినిపించింది. "మీ దాంట్ల డ్రైవర్లే దొరకయి. డ్రైవర్లు లేకుండ ఏం నడిపిస్తరు సాబ్?" అంటోంది. అయ్యో పాపం, బండి కొన్నారేమో, నడిపేవాడు దొరకట్లేదేమో అనుకున్నాను. ములుగు రోడ్డు జీపుల సంఘం అధ్యక్షుడు రాయమల్లు నా దోస్తు. పై వాటా వాళ్లకు సాయం చేయకపోతే ఎట్లా అని అతనికి ఫోన్ చేశాను. అతను చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి, "డ్రైవర్ కావాల్నట గద" అంటూ వాళ్లింట్లో కూర్చున్నాడు.

కంప్యూటర్‌కు కెమెరానో ప్రింటరో తగిలిస్తే దాన్ని పనిచేయించే చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అంటారట. ఈ సంగతి తేలి అందరూ కడుపుబ్బ నవ్వుకున్నాక, రాయమల్లు చూపు బల్ల మీదున్న పెట్టె మీద పడింది.

"గీ డబ్బల మా జీపు సీట్లు బుక్ చేసుడు పెట్టొచ్చునా చెల్లె?"

వజీరా పెట్టొచ్చంది. అప్పటికి ఆమె పనిచేసే కాలేజీలో ఆ కోర్సే ఎత్తేశారు, ల్యాబుకు తాళం పడింది. ఇంట్లో కూర్చోవడం ఆమెకు చేతకాదు. తన పేరు మీద వచ్చిన మొదటి పని అది. ఆ సంతోషంలో నా షాపుకొచ్చి విజిటింగ్ కార్డులు కొట్టించుకుంది. పేరు అచ్చయిన కార్డును వెలుతురుకేసి పట్టుకుని చూసుకున్న ఆ మొహం నాకింకా కళ్ల ముందే ఉంది.

రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే మా వైపు ఊళ్లకు ఊళ్లే కదులుతాయి. బస్సులు ఎన్ని వేసినా చాలవు, జీపులకూ అంతే గిరాకీ. వజీరా చేసిన బుకింగ్ మామూలు రోజుల్లో హాయిగా నడిచింది. పోయిన జాతరకు మాత్రం సీట్లు తెరిచిన పొద్దున్నే మొత్తం బిగుసుకుపోయింది. ఫోన్లలో గుండ్రంగా తిరిగే చక్రం తప్ప ఏమీ కనిపించలేదు. చివరికి ఎవరికి ఏ జీపు దొరికితే అందులో ఎక్కి పోయారు. డ్రైవర్లు రాయమల్లు మీద పడ్డారు. రాయమల్లు ఈసారి జాతరకు ముందు వజీరాను పిలిచి చెప్పాల్సింది చెప్పేశాడు.

"చెల్లె, నీ మీద నాకు కోపం లేదు. కని మావోళ్లు వింటలేరు. ఈసారి గిట్ల ఆగిందనుకో, పని హైదరాబాద్ కంపెనోళ్లకు పోతది. నేను గూడ ఆపలేను."

వజీరా మెట్లు దిగివచ్చి నా షాపులో స్టూలు మీద కూలబడింది. "అన్నా, ఇది పోతే మల్ల కాలేజీల చుట్టు తిరుగుడే. నా పేరు మీద ఇంకేం లేదు" అంది. ఆమె కళ్లల్లో నీళ్లు నేను చూడటం అదే మొదటిసారి. నాకు ఆ డ్రైవర్ల మీద, హైదరాబాద్ మీద, అసలు కంప్యూటర్ కనిపెట్టినవాడి మీద కూడా కోపం వచ్చింది.

తప్పు ఎక్కడుందో జహీరుద్దీన్‌కు తెలుసు. లినక్స్‌లో ఉంది. అతని లెక్క ప్రకారం లోకంలో ఏ తప్పయినా అక్కడే ఉంటుంది. వజీరా మాత్రం ఉత్త వాదన వద్దు, పరీక్ష పెడదాం అంది. ఏ వ్యవస్థ మీద డేటాబేస్ బాగా పరుగెత్తితే జాతరకు అదే. ఓడినవాళ్లు ఇక నోరెత్తొద్దు.

ఆ పరీక్ష ఏమిటో నాకు అర్థమైనంత వరకు చెబుతాను, నాకే అర్థమైందంటే మీకూ అవుతుంది. ఏ జీపులో ఏ సీటు ఎవరిదో గుర్తుపెట్టుకునేది డేటాబేస్. దాన్ని ఒక హోటలనుకోండి. వచ్చిన ఒక్కో గిరాకీకి ఒక్కో బేరర్‌ను కేటాయిస్తుంది. ఆ బేరర్‌నే వాళ్లు థ్రెడ్ అంటారు. బేరర్లంతా వంటింట్లోకి పోయి రావాలి. ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరు కాసేపు ఆగాలి అని నడిపించేది కింద ఉన్న వ్యవస్థ. లినక్స్ ఒక తీరుగా నడిపిస్తుంది, ఫ్రీబీఎస్‌డీ ఇంకో తీరుగా.

"మీ దాంట్ల ఒక్క థ్రెడ్ ఆగితే అన్ని ఆగుతయట గద" అని వజీరా పొడిచేది.

"గది ఎప్పటి ముచ్చటనో! ఇప్పుడు ఏ థ్రెడ్ దారి దానిదే. నువ్వింక మా తాతల నాటి కతలు చెప్తాన్నవ్" అని జహీరుద్దీన్ ఉడుక్కునేవాడు.

పరీక్ష న్యాయంగా ఉండాలని వజీరా పట్టుబట్టింది. పెట్టె ఒక్కటే. డిస్కులు వేరు. ఒక డిస్కులో లినక్స్, ఒక డిస్కులో ఫ్రీబీఎస్‌డీ. మధ్యవర్తిగా ఉంటుందని మూడో డిస్కులో ఓపెన్‌బీఎస్‌డీ కూడా ఎక్కించింది. ఇది భద్రత విషయంలో మహా పట్టుదల గలదట. ఇంటికొచ్చిన చుట్టాన్ని కూడా నాలుగు ప్రశ్నలడిగి గానీ లోపలికి రానివ్వని ముసలాయన్ని తలచుకోండి, అదీ దాని తీరు. జనం పెరిగేకొద్దీ అది అందరికన్నా వెనకబడింది. దాంతో మధ్యవర్తిని ముందే ఇంటికి పంపేశారు.

మిగిలిన రెండింటిలో లినక్స్ రెచ్చిపోయింది. వజీరా మెట్ల మీద నుంచే అరిచింది, "అన్నా, గెలిచిన! మిఠాయి తెప్పిస్తాన్న!" అని. నేను మిఠాయి కోసం కూర్చున్నాను. అది రాలేదు. మధ్యాహ్నం ఆమే మొహం వేలాడేసుకుని వచ్చింది. లినక్స్ డిస్కులో ఒక సెట్టింగు తప్పుగా ఉండిపోయిందట. సీటు వివరం డిస్కు మీద నిజంగా పడిందో లేదో చూసుకోకుండానే 'అయిపోయింది' అని చెప్పేసే సెట్టింగు అది. కరెంటు పోతే సీటూ పోతుంది. అట్లా పరుగెత్తితే ఎవరైనా ముందుంటారు. జహీరుద్దీన్ దాన్ని గమనించనే లేదు. ఈమే కనిపెట్టి, ఈమే వెళ్లి మొగుడికి చెప్పింది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది చెల్లె అన్నాను. "నాకు తెల్సు గద అన్నా" అంది. వజీరా అంటే నాకు గౌరవం మొదలైంది ఆ రోజే.

సెట్టింగు సరిచేసి మళ్లీ పరుగెత్తిస్తే తేడా చిన్నదైపోయింది. జనం మామూలుగా ఉన్నప్పుడు రెండూ సమానం. జనం బాగా పెరిగితే లినక్స్ కాస్త ముందు. మరీ విరగబడితే ఫ్రీబీఎస్‌డీ కాస్త ఆలస్యంగా అలసిపోతుంది. మొగుడూ పెళ్లాం ఎవరికి కావలసిన ముక్క వాళ్లు తీసుకుని ఇద్దరూ గెలిచామన్నారు. చివరికి కాస్త ముందున్నది కాబట్టి లినక్స్ పెడదామని తేలింది. ఏదైనా సరే, పోయిన జాతర కన్నా ఎంతో ఎక్కువ మందిని మోయగలమని రెండూ చూపించాయి. వజీరా ధైర్యం తెచ్చుకుంది.

అసలు బుకింగ్‌కు ముందు ఒక ఆదివారం ఉత్తుత్తి బుకింగ్ పెట్టారు. ఒక ఊరికి రాయమల్లు కబురు పంపాడు, చెప్పిన టైముకు అందరూ ఫోన్లలో సీటు పట్టి చూడండి అని. నేనూ షాపు వదిలి పైకి వెళ్లి రాయమల్లు పక్కన కూర్చున్నాను. టైమైంది. తెర మీద పేర్లు రావడం మొదలైంది. వజీరా చప్పట్లు కొట్టబోయింది. చప్పట్లు మధ్యలోనే ఆగాయి. పేర్లు ఆగాయి. రాయమల్లు ఫోన్ మోగడం మొదలుపెట్టింది, ఇక ఆగలేదు.

"నేను చెప్పిన గద!" అని జహీరుద్దీన్ లేచాడు. ఆ గొంతులో సంతోషం విని నాకు ఒళ్లు మండింది. అతను ఆగమేఘాల మీద డిస్కు మార్చి ఫ్రీబీఎస్‌డీ పెట్టాడు. ఊరివాళ్లను మళ్లీ పట్టమన్నారు. పేర్లు వచ్చాయి. ఆగాయి. అచ్చం అట్లాగే. దాయాదులిద్దరూ మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డారు.

రాయమల్లు తల పట్టుకుని, "ఇంకో ఆదివారం జూస్తం చెల్లె. గంతే" అని వెళ్లిపోయాడు.

జహీరుద్దీన్ ఇంకా ఏదో సెట్టింగు మారుద్దామంటున్నాడు. వజీరా వినడం లేదు. "పరుగు సంగతి పక్కన పెట్టు. ఎవలు దేని కోసం ఆగిన్రో అది జూద్దాం" అంది. ఆగిపోయిన థ్రెడ్లు ఒక్కొక్కటీ దేని కోసం ఎదురుచూస్తున్నాయో డేటాబేస్‌ను అడిగింది. జవాబు చూసి ఆమె నొసలు ముడిపడింది. దాదాపు అన్నీ ఒకే ఒక్క జీపు కోసం ఆగాయి. యాకయ్య జీపు. సంఘంలో మిగిలిన జీపులన్నీ ఖాళీగా ఉన్నాయి. ఒకరు యాకయ్య జీపులో సీటు పట్టేటప్పుడు పొరపాటు జరగకుండా దానికి తాళం పడుతుంది. వాళ్లది అయ్యేదాకా మిగతావాళ్లు బయట నిలబడాలి. ఒక్క తలుపు ముందు ఊరంతా నిలబడితే, బేరర్లను నడిపించేవాడు ఎంత మొనగాడైతే ఏం లాభం?

యాకయ్య జీపులో ఏముందని? నేను చూశాను ఆ జీపును, వెనక తలుపు తాడుతో కట్టి ఉంటుంది. వజీరా ఆ జీపు పట్టినవాళ్లలో ఒకామెకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. ధర్మసాగర్ దగ్గర పల్లె, పేరు సోమక్క.

"పెద్దమ్మా, బుకింగ్ కాన్నుంచి మాట్లాడుతాన్న. అన్ని జీపులు ఖాళీగున్నయి గద, అందరు యాకయ్య జీపే ఎందుకు పట్టిన్రు?"

"మా వాడోళ్లమంత గా జీపులనే పోతం బిడ్డా. యాకయ్య మావోడే. ఇంట్ల ఎన్ని ఫోన్లుంటె అన్నిట్ల పట్టినం, ఎవలకు దొరికినా అందరిది."

"వేరే జీపైనా అక్కడికే పోతది గద."

సోమక్క గొంతు మారింది.

"పోయినసారి గట్లనే అనుకొని ఎక్కిన బిడ్డా. నన్నొక జీపుల ఏసిన్రు, మావోళ్లను ఇంకో జీపుల. ఆడ దిగినంక ఎవలు కానరాలే. గద్దెల కాడ అంత మందిల ఒక్కదాన్నే నిలబడి ఏడ్సిన. తల్లికి మొక్కుడు గూడ మర్శిన. ఒక్కదాన్నే పోయేదానికి జాతరెందుకు, ఇంట్ల కూసుంట."

వజీరా ఫోన్ పెట్టేసి, పరీక్ష లెక్కలు రాసుకున్న కాగితం తీసి ముందేసుకుంది. జహీరుద్దీన్ మెల్లగా ఏమైందని అడిగాడు.

"మనం పరీక్షల ఉత్తుత్తి జనాన్ని సృష్టించినం గద సాబ్. ఒకడు ఈ జీపు, ఇంకొకడు ఆ జీపు, ఎవని దారి వానిది. మన పరీక్షల ఎవలు ఎవలకు చుట్టాలు కారు" అంది. "గసొంటి జనం ఈ జిల్లాల ఎక్కడున్నరు?"

నాకు నవ్వొచ్చింది.

ఆ వారమంతా మెట్ల మీదుగా పంచాయితీ వినబడలేదు. ఇద్దరూ కలిసి బుకింగ్ తీరే మార్చేశారు. ఇప్పుడు సీటు సీటుకూ కొట్లాట లేదు. ఊరివాళ్లు ముందే తీరిగ్గా ఒక గుంపు పేరు పెట్టుకుని, వచ్చేవాళ్ల పేర్లన్నీ అందులో చేర్చుకోవచ్చు. తెరిచిన పొద్దున మాత్రం గుంపు మొత్తానికి ఒక్కరే జీపు అడుగుతారు. యాకయ్య జీపు తలుపు ముందు ఊరంతా నిలబడే బదులు, ఊరి తరఫున ఒక్క థ్రెడ్ పోయి పని చేసుకొస్తుంది.

రాయమల్లుకు ఒక పట్టాన నచ్చలేదు.

"గుంపు చిన్నగుంటే ఎట్ల? జీపు సగం ఖాళీగ పోవాల్నా?"

"అన్నా, చిన్న గుంపులు రెండిటిని కలుపుకోవచ్చు. కని ఒక గుంపును మాత్రం ఇరగ్గొట్టద్దు. గది నా షరతు" అంది వజీరా.

షరతులు పెట్టే స్థితిలో ఆమె లేదని ఆ గదిలో అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. అయినా అంది. రాయమల్లు ఆమె మొహం చూసి, "సరే, నీ ఇష్టం చెల్లె" అన్నాడు.

బుకింగ్ తెరిచే పొద్దున నేను షాపు తెరవనేలేదు. ఏ డిస్కు పెడతారో చూద్దామని రాయమల్లును వెంటబెట్టుకుని పైకి వెళ్తే, వజీరా చేతిలో ఉన్నది ఫ్రీబీఎస్‌డీ.

"అదేంది చెల్లె, ముందున్నది నీదే గద?"

"గుంపుకొక్కరే వస్తాన్నరు గద అన్నా. గంత తక్కువ జనానికి రెండు సమానమే. పాపం, ఆయనది గూడ ఒకపారి జాతర చూడనీ" అంది. జహీరుద్దీన్ మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోయింది.

టైమైంది. తెర మీద పేర్లు గుంపులు గుంపులుగా వచ్చాయి, ఆ తర్వాత నిశ్శబ్దం. జహీరుద్దీన్ కుర్చీలోంచి లేచి, "మల్ల ఆగిందా ఏంది?" అన్నాడు. వజీరా తెరకు దగ్గరగా వంగి చూసింది. ఆగలేదు. అయిపోయింది. మేం భయపడటానికి కూడా టైము దొరకలేదు. రాయమల్లు ఫోన్ ఒక్కసారే మోగింది. అవతల ఎవరో డ్రైవర్, బుకింగ్ ఎప్పుడు మొదలైతదని అడుగుతున్నాడు. "ఒడ్సింది పోరా!" అని రాయమల్లు అరిచి, వజీరా వైపు తిరిగి, "వచ్చే జాతర గూడ నీదే చెల్లె. ఏ కంపెనోడు అడిగినా నేను చెప్పుకుంట" అన్నాడు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. అంత ప్రశాంతంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

జాతర కదిలిన పొద్దున ఒక జీపు వచ్చి నా షాపు ముందు ఆగింది. హారన్ మీద హారన్. లోపల పిల్లలు, ముసలివాళ్లు, మూటలు, కోళ్లు. పేరుపేరునా అరుస్తున్నారు. ముందు సీట్లోంచి ఒక పెద్దామె తల బయటపెట్టి నన్ను అడిగింది.

"వజీరా అంటె ఎవలయ్యా? నేను సోమక్కను. ఇల్లు ఇదేనట గద?"

వజీరా తడి చేతులు తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చింది.

"ఏమైంది పెద్దమ్మా? బుకింగ్‌ల ఏమన్న తప్పు పడ్డదా?"

"తప్పేం లేదు. ఎక్కు. మా గుంపుల నీ పేరు గూడ రాసినం."

"నా పేరా?"

"ఆ మరి. నీ డబ్బకు తెల్వదా? జల్ది ఎక్కు బిడ్డా, నీ జాగ వేరేటోళ్లు గుంజుకోకుండ కాయలేక చస్తాన్న."

వజీరా వెనక్కి తిరిగి మొగుణ్ని చూసింది. జహీరుద్దీన్ ఆశగా ఒక అడుగు ముందుకేశాడు. సోమక్క అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"ఆయన పేరు రాయలే. వేరే గుంపు చూసుకోమను."

జీపంతా గొల్లుమంది. జహీరుద్దీన్ కూడా నవ్వాడు, "పోయిరా. డబ్బ నేను చూసుకుంట" అన్నాడు. ఎవరో చెయ్యి పట్టి వజీరాను పైకి లాగారు. ఇద్దరు ఆడవాళ్లు జరిగి తమ మధ్యన ఇంత జాగ చేశారు, ఒకామె తన ఒళ్లోని పిల్లను ఈమె ఒళ్లో పెట్టేసింది. తాడుతో కట్టిన ఆ తలుపు వెనక నుంచి వజీరా నాకు చెయ్యి ఊపింది. ఏడుస్తోంది, నవ్వుతోంది, పక్కామె ఏదో అడుగుతుంటే నాకు ఊపిన చేత్తోనే ఆమెకు జవాబు చెబుతోంది. యాకయ్య గేరు మార్చాడు, జీపు ములుగు రోడ్డెక్కింది.